వెనిల్లా కాయ మీద ఐదు చుక్కలు

ఆగండాగండి, ఎక్కడికా పరుగు? ఇలా కూర్చుని నా మాట వినండి, ఆ తర్వాత మీ ఇష్టం! నేను ఒక బిరడాను. సీసా మూతికి బిగించే మెత్తటి బెండుముక్కని. సముద్రం మధ్యలో ఉన్న ఈ బుల్లి దేశానికి సారా సీసాతో పాటు ఓడెక్కి వచ్చాను. ఇక్కడ అన్నీ అలా వచ్చేవే! బియ్యం, నూనె, గొడుగులు, ఆఖరికి ఇసుకలో పడుకుని ఎండ కాచుకునే మనుషులు కూడా బయటినుంచే రావాలి. ఇక్కణ్ణుంచి బయటికి వెళ్ళేది మాత్రం వెనిల్లా. ఐస్‌క్రీము తింటూ లొట్టలేస్తారే, ఆ వాసన కాయ!

హోటల్లో నన్ను పీకి పారేస్తే, అక్కడ గదులు తుడిచే అచ్చియ్యమ్మ ఏరుకుంది. ఆవిడ ముత్తాతలు విశాఖ వైపు నుంచి చెరకు తోటల్లో పనికొచ్చిన వాళ్ళు. చెరకు పోయింది, మాట మిగిలింది. ఇంటి దగ్గరున్న తన చిన్న వెనిల్లా తోట కోసం నా ఒంట్లో ఐదు గుండుసూదులు గుచ్చింది. చుట్టూ నాలుగు, మధ్యన ఒకటి, నలుగురూ చేరి ఒకణ్ణి నిలదీస్తున్నట్టు! ముందు ఏడుపొచ్చింది, తర్వాత గర్వమొచ్చింది. పచ్చికాయ మీద నన్ను నొక్కితే పడే చుక్కలు కాయ ఎండి నల్లబడినా చెరగవు. ఇక్కడ రైతు రైతుకీ ఇలాంటి గుర్తు ఒకటి ఉంటుంది. ఒకరి గుర్తున్న కాయ ఇంకొకరు దొంగిలించి తెస్తే, వాళ్ళ సరుకు ఇక జన్మలో ఎవరూ కొనరు.

ఈ ఏడు తుపాను అచ్చియ్యమ్మ ఇంటి కప్పు లేపుకుపోయింది. కొత్త రేకులకి ఈ పంటే దిక్కు. తీరా కోతకెళ్తే సగం తీగలు బోసిగా ఉన్నాయి! నన్ను రొంటిన దోపుకుని కొనుగోలు షెడ్డుకి పరిగెత్తింది. అక్కడ షావుకారు ముందున్న బుట్టలో ఏ కాయ మీద చూసినా నా ఐదు చుక్కలే. బుట్ట తెచ్చింది పక్క తోట పైడయ్య.

"ఏటన్నియ్యా ఇది? నా కాయలు కోసీసినావా?"

"నాను అంటించినవే కోసినాను సెల్లీ. నువ్వు అంటించినవి ముట్టుకోనేదు."

ఇది మీకు చెప్పాలి. వెనిల్లా పువ్వు ఒక్క పూటే విచ్చుకుంటుంది. ఆలోపే సన్న పుల్లతో పుప్పొడి అంటించాలి, ఇక్కడ ఆ పని చేసే పురుగు లేదు. పూలు సగంలో ఉండగా అచ్చియ్యమ్మ జ్వరంతో ఆసుపత్రిలో పడింది. తిరిగొచ్చి చూస్తే అన్ని తీగలకీ పిందెలు!

"అమ్మోరి మహిమనుకున్నాను! కొబ్బరికాయ కూడా కొట్టీసినాను గదన్నియ్యా!"

"అమ్మోరికి కొబ్బరికాయ, నాకు దొంగపేరూనా? సెప్దారనే వొచ్చినాను. నువ్వు అమ్మోరు, అమ్మోరు అని ఊరంతా సెప్పుకుంతంటే నోరు రానేదు."

"అలాగని అడక్కుండా కోసీడవేటి?"

షావుకారు విసుక్కున్నాడు. "మీ గోల తరవాత. ఇది దొంగతనవా, నువ్వే ఇచ్చినావా? తేల్చి సెప్పమ్మా!"

అచ్చియ్యమ్మ నన్ను రొంటినుంచి తీసి గుప్పిట్లో బిగించింది. దొంగతనమంటే పైడయ్య కాయ ఈ దీవిలో ఇక ఎవరూ కొనరు. ఇచ్చానంటే సగం పంట పోయినట్టే, వానాకాలం నెత్తిమీద ఆకాశమే కప్పు. షెడ్డంతా ఆవిడ నోటివైపే చూస్తోంది. నాకా, గుచ్చడం తప్ప తీర్పు చెప్పడం రాదు. మీరైతే ఏమనేవారండీ?