పసుపు బస్సు చుట్టూ

నీళ్ళ కింద మనిషిని లాక్కుపోయే స్కూటరు పిడి పక్కనే కొత్త దిక్సూచిని బిగించాడు డ్వైట్. యాభై దాటాక భార్య కళ్ళకు నీళ్ళలో చిన్న అంకెలు ఆనడం లేదని సాసరంత పెద్దది కొన్నాడు. పొద్దున్నే వంటింటి బల్లమీద పెట్టి సరిచూశాడు. ఉత్తరం ఉత్తరంగానే ఉంది.

"ఇక దారి తప్పితే నా తప్పు కాదు," అన్నాడు.

"నేనెప్పుడు తప్పానయ్యా? తప్పేది నువ్వు," అంది వెర్నా.

అదీ నిజమే. నీళ్ళు నిండిన ఆ పాత సున్నపురాయి గనిలో డైవింగ్ పందేలకు తాళ్ళు కట్టేది, గుర్తులు పెట్టేది ఆమే. వెర్నా వెనక పోతే చాలని క్లబ్బులో అందరికీ ధీమా.

జూన్‌లో కీ లార్గోలో జరిగే పెద్ద పోటీకి క్లబ్బు ఇద్దర్ని పంపుతుంది. డ్వైట్ పోయిన నెలే ఎంపికయ్యాడు. రెండో చోటు ఇవాళ గెలిచినవాళ్ళది. భార్యాభర్తలిద్దరూ కలిసి వెళ్ళాలని పదకొండేళ్ళుగా చూస్తున్నారు, ఒక్కసారీ కుదరలేదు. ఈసారి అడ్డం ట్రెంట్. ఇరవై ఆరేళ్ళవాడు, స్కూటరు కూడా ఆమెదానికన్నా వేగం.

"మీ లైటు వెనకే వచ్చేస్తాలెండి, వెర్నా గారూ. చివర్లో కాస్త పక్కకి జరగండి, చాలు," అని నవ్వాడు.

"రేవు చేరకముందే తల పైకొచ్చిందా, పందెంలోంచి అవుటే!" ఉడికించిన వేరుశనగలు ఒలుచుకుంటూ అరిచాడు ముసలి జడ్జి బ్యూఫర్డ్.

అయిదుగురు మునిగారు. వెళ్ళేటప్పుడు దారి చూపే తాడుంటుంది. అడుగున మునిగి ఉన్న పసుపు స్కూల్ బస్సును చుట్టి, తాడు లేకుండా తూర్పుకు వస్తే రేవు. అయిదు స్కూటర్లు కదిపిన బురదకు నీళ్ళు పాలు పోసిన టీలా అయ్యాయి. బస్సులో డ్రైవరు సీట్లో టోపీ పెట్టుకున్న ప్లాస్టిక్ అస్థిపంజరం ఉంటుంది. దాన్ని దాటి, ముల్లు చూసి, వెర్నా తూర్పుకు తిరిగింది.

మూడు నిమిషాలకు రేవు కొయ్యలు కనబడాలి. పసుపురంగు కనబడింది.

మళ్ళీ బస్సు. ఇంకో బస్సు ముంచారా? తనకు తెలియకుండా ఎవరు ముంచుతారు? తొంగి చూసింది. అదే టోపీ. పోయిన అక్టోబరులో తనే కట్టింది. తల చెప్పింది కాదు, ముల్లు చెప్పింది నమ్మమని కదా అందరికీ నేర్పేది! నమ్మింది. మళ్ళీ తూర్పుకు పోయింది. మళ్ళీ అస్థిపంజరమే ఎదురొచ్చింది. నీదేవూరమ్మా అన్నట్టు పళ్ళికిలించింది.

సిలిండరులో గాలి ఎంతుందో చూద్దామని మోటారు మీట వదిలింది. దిక్సూచి ముల్లు నిద్రలేచినట్టు గిర్రున తిరిగింది. మీట నొక్కితే ఎడమకు పోయి మోటారు వైపే అతుక్కుంది. వదిలితే మళ్ళీ తిరిగింది. అప్పటికిగాని బోధపడలేదు. స్కూటరు ఎటు తిరిగినా మోటారు నడిచినంతసేపూ ముల్లు ఎదురుగా ఉన్నది తూర్పే అంటోంది. వంటింటి బల్లమీద మోటారు ఎవరు నడుపుతారు?

వెనక్కి చూస్తే నాలుగు లైట్లు. పాపం, నలుగురూ ఆమెను నమ్మి బస్సు చుట్టూ ప్రదక్షిణాలు చేస్తున్నారు. ముందున్న ట్రెంట్ బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టి, బాగానే ఉన్నారా అని అడిగాడు. ఆమె కూడా సున్నా చుట్టింది.

ఇప్పుడు దారి తనకొక్కదానికే తెలుసు. చూపిస్తే రేవు కనబడగానే అతను దాటిపోతాడు. వెర్నా లైటు ఆర్పేసింది.

ఆగి ముల్లు చూసుకుంటూ, మీట నొక్కుతూ, మళ్ళీ ఆగుతూ వచ్చి నిచ్చెన పట్టుకుంది.

"నువ్వే ముందు! బంగారం, నువ్వే!" డ్వైట్ గంతులేశాడు.

ఒక నిమిషమైంది. ఎవరూ రాలేదు. రెండో నిమిషంలో దూరాన నాలుగు తలలు లేచాయి.

"వెర్నా గారి లైటు పోయింది! వెతికాం, కనబడలేదు!" అని అరిచాడు ట్రెంట్. "మనుషుల్ని దింపండి!"

తోటివాడి లైటు కనబడకపోతే అయిదు నిమిషాలు వెతకాలి, ఆ తర్వాత పైకి రావాలి. కొత్తవాళ్ళకు మొదటిరోజే తను చెప్పే పాఠమది. నలుగురూ అది పాటించి అవుటయ్యారు. గెలిచినట్టా ఇది? వెర్నాకు అర్థం కాలేదు.

"బ్యాటరీ అయిపోయిందా?" రొప్పుతూ ఒడ్డెక్కి అడిగాడు ట్రెంట్.

డ్వైట్ ఆమె బదులు తలూపబోయాడు.

"లేదు. నేనే ఆర్పాను," అంది వెర్నా.

పేరు రాస్తున్న బ్యూఫర్డ్ పెన్సిలు ఆగింది. "ఆర్పకూడదని రూలైతే లేదే," అని గొణిగాడు. "ఆర్పవచ్చనీ లేదు మరి..."

"ఆ పేరు కొట్టేయండి. మోటారు నడిస్తే ఈ దిక్సూచి తప్పు చూపిస్తోంది. పందెం మళ్ళీ పెట్టండి," అంది వెర్నా.

"పిచ్చా నీకు? బల్లమీద సరిగ్గానే చూపించింది కదా!" అన్నాడు డ్వైట్.

ఆమె పెద్ద దిక్సూచి మరలు విప్పి అతని చేతిలో పెట్టింది. పాత చిన్నది మణికట్టుకు కట్టుకుని కళ్ళు చిట్లించింది. అంకెలు చీమల్లా ఉన్నాయి.

"కనబడకపోతే ఈసారి నా వెనక రండి," అన్నాడు ట్రెంట్, మాస్కు కడుక్కుంటూ. "నా లైటు ఆర్పను."

దెప్పాడా, ధైర్యం చెప్పాడా? వెర్నా అతని ముఖంలోకి చూసింది. అప్పటికే మాస్కు పెట్టేసుకున్నాడు.