ముప్పై ఆరు దాటిన రీలు

మా ఇంట్లో స్నానం చేయాలంటే ముందు ట్రేలు తీయాలి. ఆర్.కె. పురం క్వార్టర్సులో బాత్రూము ఎంతుంటుందో చూసినవాళ్లకి తెలుసు. నేల మీద ఫొటోలు కడిగే మందు ట్రేలు, కుళాయి కింద ఫొటోలు నానే బకెట్టు, తాడు మీద నా చీరలకి బదులు క్లిప్పులకి వేలాడే ఫొటోలు. నైట్ డ్యూటీ చేసి ఉదయం వచ్చేసరికి మా ఆయన ఆఫీసుకి తయారై ఉండేవారు. "డెవలపర్ పారబోయకు, ఇంకో రీలుకి వస్తుంది," అని చెప్పి బస్సు అందుకోడానికి పరిగెత్తేవారు. నేను మందుని నల్ల సీసాలో వంపి, ట్రేలు కడిగి, కుళాయిలో నీళ్లు ఆగిపోకముందే ఫొటోలు కడిగి ఆరేసి, అప్పుడు స్నానం చేసేదాన్ని. ఆ మందుకి నా గోళ్లు గోధుమరంగులోకి తిరిగాయి. నిమ్మచెక్కతో ఎంత రుద్దినా పోయేది కాదు. ఒకసారి వార్డులో అందరి ముందూ మేట్రన్ నా చెయ్యి పైకెత్తి చూపించి, సిస్టర్ అన్నది ముందు తన గోళ్లు శుభ్రంగా ఉంచుకోవాలని క్లాసు పీకింది. ఇంటికొచ్చి చెబితే మా ఆయన నవ్వి, గ్లవ్స్ వేసుకోవచ్చుగా, మీ హాస్పిటల్లో బోలెడుంటాయిగా అన్నారు.

మా ఆయన పేరు సాలొమోను. మినిస్ట్రీలో యూడీసీ గుమాస్తా. తాగరు, పేకాడరు, గట్టిగా మాట్లాడరు. మా అత్తగారు బాపట్ల నుంచి వచ్చినప్పుడల్లా, "ఫొటోల పిచ్చేగా, ఇంకేం పిచ్చి లేదుగా. నువ్వు అదృష్టవంతురాలివే," అనేది. ఆ మాటకి నేను తలూపేదాన్ని. ఊపకపోతే ఏం చెప్పాలో నాకే తెలిసేది కాదు.

ఆయనకో సెకండ్ హ్యాండ్ పెంటాక్స్ ఉంది. ఫొటోల క్లబ్బులో నలుగురు స్నేహితులున్నారు. ఆదివారం గుడిలో ప్రార్థన అయ్యాక వాళ్లంతా చాందినీ చౌకులో కెమెరా దుకాణాల అద్దాల ముందు నిలబడేవారు. కూరల సంచీ పట్టుకుని నేను పక్కనే ఉండేదాన్ని. ఆయన కోరికంతా ఒక లెన్సు మీద ఉండేది. దూరాన్నున్న మనిషి ముఖాన్ని దగ్గరికి లాక్కొచ్చే పొడుగుపాటి లెన్సు. ఓ రోజు దుకాణదారు జాలిపడి దాన్ని ఆయన చేతిలో పెట్టాడు. మా పాప పుట్టినప్పుడు ఆయన మొదటిసారి ఎత్తుకున్నది నేను చూశాను. అప్పుడు కూడా అంత జాగ్రత్తగా పట్టుకోలేదు. నాకు కోపం రాలేదు, అసూయ వేసింది. లెన్సు మీద కాదు. ఒక వస్తువుని అంతగా కోరుకోవడం ఎలా ఉంటుందోనని.

రెబ్కా మా వార్డులోనే నా జూనియర్. మా బాపట్ల పిల్లే, నన్ను అక్కా అని పిలుస్తుంది. డెబ్భై తొమ్మిది డిసెంబరులో దానికి పెళ్లి కుదిరింది. పెళ్లవగానే దానికి కువైట్‌లో నర్సు ఉద్యోగం. ఆ కబురు విన్నరోజు మా ఆయన లెన్సు ధ్యాసలో అన్నం కూడా సరిగ్గా తినలేదు. మర్నాడే దాన్ని టీకి పిలిపించి, పెళ్లి ఫొటోలన్నీ తనే ఊరికే తీసిపెడతానని, మొదటి సెలవుకి వచ్చేటప్పుడు ఆ లెన్సు తెచ్చిపెట్టమని ఒప్పందం చేసుకున్నారు. కువైట్ దుకాణాల్లో వేరేది అంటగడతారేమోనని ఆయన భయం. అందుకని ముందు నాచేత పేరు బట్టీ పట్టించారు. తకుమార్, నూట ముప్పై ఐదు, మర తిప్పి బిగించే రకం. సండే స్కూల్లో వాక్యాలు అప్పజెప్పినట్టు కూర తరుగుతూ అప్పజెప్పేదాన్ని. నేను దాన్ని రెబ్కాకి నేర్పాలి.

పెళ్లిరోజు పొద్దున ఆయన తన పాత క్లిక్ కెమెరా నా చేతిలో పెట్టారు. "ఇందులో సగం రీలు మిగిలిపోయింది. ఎండలో ఏదో ఒకటి కొట్టి అవగొట్టు. రెండూ కలిపి కడిగేద్దాం," అన్నారు. ఆయన తిన్నగా గుడికి వెళ్లారు, నేను నర్సుల హాస్టల్ డాబా ఎక్కాను. మంచి చలికాలపు ఎండ. రెబ్కా తడిజుట్టు విరబోసుకుని, నోట్లో పిన్నులు పెట్టుకుని నవ్వుతోంది. ఇద్దరు నర్సు పిల్లలు తెల్ల పెళ్లిచీరని చెరోవైపు పట్టుకుని ఇస్త్రీ మడతలు వేస్తున్నారు. రైల్లో రెండ్రోజులు కూర్చుని వచ్చిన రెబ్కా అమ్మ ట్రంకుపెట్టె మీద కూర్చుని వాచిన కాళ్లు నొక్కుకుంటోంది. నన్నెవరూ కెమెరా మనిషిగా లెక్కచేయలేదు, కనక ఎవరూ సర్దుకుని కూర్చోలేదు. రీలు అయిపోతే అప్పుడేనా అనిపించింది.

గుడిలో మా ఆయన స్నేహితుడి లెన్సు అరువు తెచ్చుకుని తిరిగారు. ఉంగరాలు మార్చుకున్నాక నా దగ్గరికొచ్చి, "ముప్పై ఆరు దాటింది సరళా, ఇంకా తిరుగుతూనే ఉంది. కలిసొచ్చిన రీలు," అన్నారు. ముఖం వెలిగిపోతోంది. రీలుకి ముప్పై ఆరు ఫొటోలే అయినా ఒక్కోసారి ఒకటో రెండో ఎక్కువ వస్తాయి, నాకూ తెలుసు. అందుకే నేనూ సంతోషించాను.

మర్నాడు బాత్రూము కిటికీకి దుప్పటి కట్టి రెండు రీళ్లూ నేనే కడిగాను. ముందు క్లిక్ రీలు తీశాను. రెబ్కా జుట్టు, చీర, ట్రంకుపెట్టె, అన్నీ ఉన్నాయి. తర్వాత పెంటాక్స్ రీలు తీసి వెలుతురుకి పట్టుకున్నాను. కొస తప్ప మొత్తం అద్దంలా ఉంది. ఒక్క బొమ్మ లేదు. అంచున మాత్రం కంపెనీవాళ్లు వేసే అంకెలు నల్లగా, చక్కగా వచ్చాయి.

మందు చెడిపోయింది, నువ్వు కొలత తప్పావు అన్నారు ఆయన. మందు చెడితే అంకెలూ రావని చెప్పాను. ఆయనకీ తెలుసు. రీలు ఎక్కించేటప్పుడు ఫిలిం కొస కెమెరా పళ్లకి పట్టుకోలేదు. ఫిలిం డబ్బాలోనే కూర్చుంది, ఆయన పెళ్లంతా ఖాళీ కెమెరా తిప్పినట్టే తిప్పారు. ముప్పై ఆరు దాటింది అందుకే. బోర్లించిన బకెట్టు మీద తల పట్టుకుని కూర్చుండిపోయారు. నాకు జాలేసింది. టీ పెట్టి తెచ్చాను. సగం తాగాక ఆయన తల ఎత్తారు.

"రెబ్కాకి నువ్వు చెప్పు. మందు కలపడంలో నీవల్ల పొరపాటైందని చెప్పు. నీమీద కోపం పెట్టుకోదు. నేనని తెలిస్తే ఇంక లెన్సు తెస్తుందా?"

"మరి ఈ డాబా మీద ఫొటోలు?"

"అవి నేను తీశానని ఇద్దాం. ఏమీ లేకపోవడం కంటే నయం కదా. నువ్వు తీశావంటే నమ్మేదెవరు?"

ఇంకొంచెం పంచదార వెయ్యమని అడిగినంత మామూలుగా అన్నారు. మోసం చేస్తున్నానని ఆయన అనుకోలేదు, అది నాకు బాగా తెలుసు. పాడైన రీలు నాది, బాగున్న రీలు ఆయనది. పన్నెండేళ్ల కాపురంలో కూర ఉప్పగా ఉన్నప్పుడూ, పాపకి మార్కులు వచ్చినప్పుడూ, రానప్పుడూ ఈ పంపకమే జరుగుతూ వచ్చింది. ఈసారి రెండు రీళ్లూ ఒకే తాడు మీద పక్కపక్కన ఆరుతున్నాయి కాబట్టి కంటికి కనిపించింది. అయినా పోట్లాడలేదు.

ఫొటోలు ప్రింటు వేశాను. ప్రతి ఫొటో వెనక ఆయన పేరున్న రబ్బరు ముద్ర వెయ్యడం కూడా మొదట్నుంచీ నా పనే. ముద్ర తీసి సిరాలో అద్దాను. ఒక్క నిమిషం అలాగే పట్టుకుని, గుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టేశాను. రెబ్కా దగ్గరికి బయల్దేరుతుంటే ఆయన గుమ్మం దగ్గర, ముద్ర వేశావా అని అడిగారు.

"లేదండీ."

"సిరా అయిపోయిందా?"

"ఉంది," అని మెట్లు దిగాను.

రెబ్కా పెట్టెలు సర్దుకుంటోంది. కూర్చోకుండానే చెప్పేశాను, మీ బావగారు రీలు సరిగ్గా ఎక్కించలేదు, గుడిలోవి ఒక్కటీ రాలేదు, ఇవి నేను తీసినవి అని. అది ఏడ్చింది. ఉంగరం తొడిగినప్పటిది కూడా లేదా అక్కా అని రెండుసార్లు అడిగింది. లేదన్నాను. అబద్ధం చెప్పి ఉన్నా ఆ ఏడుపు తగ్గేదేమీ కాదు. కాసేపటికి కళ్లు తుడుచుకుని ఫొటోలు ఒక్కొక్కటే చూసింది. వాళ్లమ్మ ఫొటో దగ్గర ఆగిపోయింది.

"అమ్మ కాళ్లు అంత వాచాయా? నేను చూడనేలేదక్కా."

ఆ ఫొటోని మాత్రం పెట్టెలో పెట్టకుండా హ్యాండ్ బ్యాగులో పెట్టుకుంది. నేను లేచేటప్పుడు తనే గుర్తు చేసింది.

"బావగారి లెన్సు పేరు మళ్లీ చెప్పక్కా. మర్చిపోయాను."

నిద్రలో లేపి అడిగినా ఆ పేరు నాకు వస్తుంది.

"ఆయన కావాలంటే ఆయనే వచ్చి అడుగుతారు. నాకైతే ఒక కెమెరా తెచ్చిపెట్టు," అన్నాను.

"ఏ కెమెరా అక్కా?"

ఒక్క పేరూ నేను నేర్చుకోలేదు. నా గోధుమరంగు గోళ్ల వంక చూసుకున్నాను.

"పేరు నాకు తెలీదు. రీలు నేనే ఎక్కించుకునేది."