ట్రైనీలు కూర్చోరాదు

కాఫీ డ్రమ్ము కుళాయి సరిగా లేదని ట్రైనీలు పొద్దున్నుంచి చెబుతూనే ఉన్నారు. చెప్పిన ప్రతివాళ్ళకీ "చూద్దాంలే" అన్న జవాబే వచ్చింది. మధ్యాహ్నం బాంక్వెట్ హాల్లో కంపెనీ వాళ్ళ విందు మంచి ఊపు మీద ఉండగా ఆ కుళాయి ఊడి చేతిలోకొచ్చింది. పొగలు కక్కే కాఫీ పిచ్చుక ముంజేతి మీదుగా కారింది.

పిచ్చుక అసలు పేరు వేరు. ఒక్క చోట కాలు నిలవదని హోటల్ మేనేజ్‌మెంట్ కోర్సు మొదటి ఏడాదిలోనే తోటివాళ్ళు పెట్టిన పేరది. ఆ అమ్మాయి కేక వెయ్యలేదు. అతిథుల ముందు గొంతు పెంచకూడదని రెండేళ్ళుగా నేర్పారు మరి. పళ్ళు బిగబట్టి, చేతిలోని ట్రేని పడెయ్యకుండా బల్ల మీద పెట్టింది.

బాంక్వెట్ మేనేజరు రెండంగల్లో వచ్చాడు. కాలిన చోటు చూశాడు. పైకి మడిచి ఉన్న చొక్కా చేతిని కిందికి లాగి, కాలిన చర్మం మీదుగా మణికట్టు దాకా దించి గుండీ పెట్టాడు.

"అవతల డైరెక్టర్లు కూచున్నారు. నవ్వు" అన్నాడు, తను కూడా నవ్వుతూ.

పిచ్చుక నవ్వింది. ఐస్‌క్రీమ్ కప్పులు ఎత్తేదాకా నవ్వుతూనే వడ్డించింది.

ఇదంతా పక్కనే ప్లేట్ల దొంతర పట్టుకుని నిలబడ్డ తోటి ట్రైనీ మేనేజరమ్మ చూసింది. ఆ పేరు పెట్టింది వాళ్ళ నాన్న. ఆయన దర్జీ. కూతురు కోర్సులో చేరిన నాటినుంచి కొలతలకొచ్చిన ప్రతి మనిషితోనూ "మా మేనేజరమ్మ" అంటూ మొదలుపెట్టేవాడు. ట్రైనింగ్ పేరుతో ఈ హోటల్లో తను కడిగే బాత్‌రూముల సంగతి ఆమె ఇంట్లో ఎత్తలేదు. ఆయన ముఖంలో ఆ వెలుగు ఆరిపోవడం చూడలేననుకుంది. ఇప్పుడు ప్లేట్లు పక్కన పెట్టి పిచ్చుక దగ్గరికి పోవాలనుకుంది. కానీ ఆ ప్లేట్లే మోసుకుంటూ వంటింట్లోకి పోయింది.

విందు అయ్యాక లాండ్రీలో గుండీ తీస్తే గుడ్డతో పాటు చర్మం కూడా లేచింది. లాండ్రీ అక్క తన పని వదిలి వచ్చి, చొక్కా చేతిని భుజం దాకా కత్తిరించి, బకెట్లోంచి చన్నీళ్ళు పోస్తూ కూచుంది.

"యూనిఫాం ఏమైందని అడుగుతారక్కా" అంది పిచ్చుక వణుకుతూ.

"ఎలకలు కొట్టాయని చెబుతాలే. హోటల్లో ఎలకలున్నాయంటే వాళ్ళే నోరు మూసుకుంటారు."

అంత నొప్పిలోనూ పిచ్చుకకి నవ్వొచ్చింది. ఈ నవ్వు ఎవరూ నవ్వమంటే వచ్చింది కాదు. బకెట్ అయిపోతే అక్క ఇంకోటి పట్టుకొచ్చింది.

జ్వరంతో పిచ్చుక వారం రోజులు మంచం దిగలేదు. లేచేసరికి హోటలు వాళ్ళు కాలేజీకి కబురు చేసేశారు: చెప్పకుండా మానేసింది, ట్రైనింగ్ పూర్తి కాలేదు అని. ట్రైనింగ్ పూర్తి కాకపోతే చివరి పరీక్షకి కూర్చోనివ్వరు. ఈ ఏడు గట్టెక్కితే సరే, లేకపోతే తనతో పాటు పార్సిల్ ఆఫీసులో చేరిపొమ్మని వాళ్ళన్నయ్య ఎప్పుడో చెప్పాడు. కోపంతో కాదు, ఇంక మొయ్యలేక. అంటే పిచ్చుక చదువు అక్కడితో ఆఖరు.

పిల్లల్ని హోటల్‌కి పంపే లెక్చరర్ని అందరూ ట్రైనింగ్ సారు అంటారు. మేనేజరమ్మ ఆయన్ని కాలేజీ మెట్ల మీద పట్టుకుంది.

"అది మానెయ్యలేదు సార్. చెయ్యి కాలింది."

"తెలుసమ్మా."

"తెలిస్తే మీరు చెప్పండి సార్."

సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "చెప్పి చూశాను. ఎక్కువ మాట్లాడితే వచ్చే ఏడు మన పిల్లల్ని తీసుకోం అన్నారు. నాదీ కాంట్రాక్టు ఉద్యోగమే. నన్ను కూడా కాస్త అర్థం చేసుకో తల్లీ."

అర్థమైంది. అదే బాధ.

మర్నాడు షిఫ్టు మారే వేళకి ట్రైనీలంతా లాకర్ గదిలో కిక్కిరిశారు. అందులో కుర్చీలుండవు. ఒకప్పుడు ఒక బెంచీ ఉండేదట. ట్రైనీలు కూచుంటున్నారని తీయించేశారు. గోడకి బోర్డు మాత్రం మిగిలింది: ట్రైనీలు డ్యూటీలో కూర్చోరాదు.

"మనం పనివాళ్ళమైతే యూనియన్‌కి చెప్పుకోవచ్చు" అన్నాడు ఒకడు. ప్రతిదానికీ వాదన పెట్టుకుంటాడని అతన్ని లాయరు అంటారు. "స్టూడెంట్లమని యూనియన్ రానివ్వదు. కాలేజీ హోటల్ని అడగమంటుంది. హోటలు కాలేజీని అడగమంటుంది."

"పని చేయించుకునేటప్పుడు పనోళ్ళు, నోరు తెరిస్తే స్టూడెంట్లు. బాగుంది వరస" అంది గుమ్మంలో దుప్పట్ల మూటతో ఆగిన లాండ్రీ అక్క.

"మా ఇంట్లో చంపేస్తారు" అంది ఒక అమ్మాయి. "సర్టిఫికెట్ చేతికి రానియ్యండే. తర్వాత ఏదైనా చేద్దాం."

"తర్వాత అంటే ఎప్పుడు?" అంది మేనేజరమ్మ. "మనం మేనేజర్లం అయ్యాకా? అప్పుడు గుండీలు పెట్టేది మనమే."

ఆమెకే తన మాట విని భయమేసింది.

"ప్లేట్లెత్తేది మనం. దుప్పట్లు మార్చేది మనం. మనం ఆగితే సగం హోటలు ఆగుతుంది" అన్నాడు లాయరు మెల్లగా, అప్పుడే లెక్క తేలినట్టు.

అడగాల్సింది ఒక్కటే అనుకున్నారు. పిచ్చుకని వెనక్కి తీసుకోవాలి. దాని ట్రైనింగ్ పూర్తయినట్టే రాయాలి. హోటల్లో పెద్ద సదస్సు మొదలయ్యే రోజున, ముందు గుమ్మం దగ్గర కూచోవాలి.

ఆ రోజు కూచున్నారు. రోజూ తుడిచే పాలరాయి మీద బారుగా, యూనిఫాంలతో.

"కూచుంటే ఇంత హాయిగా ఉంటుందని రెండేళ్ళలో ఒక్కడూ చెప్పలేదు కదరా" అన్నాడు లాయరు. అందరూ నవ్వారు. మేనేజరమ్మ గుండెలో ఎన్నాళ్ళుగానో ఉన్న బరువు కాస్త జరిగింది.

మేనేజరు వచ్చాడు. కోప్పడలేదు, బెదిరించలేదు. ట్రైనింగ్ సారు రొప్పుతూ పరిగెత్తుకొస్తే, "కంగారు పడకండి సార్. బస్సు రానివ్వండి" అని ఒక పక్కగా నిలబడ్డాడు.

బస్సు వచ్చింది. రిటైరైన టీచర్ల సదస్సు అది. తలుపు తెరుచుకుంటే తెల్లజుట్లు, చేతికర్రలు. ముందుగా ఒక పెద్దావిడ దిగింది. కర్ర ఊతంతో గుమ్మం దాకా వచ్చింది గానీ పైమెట్టు ఆమెకి కనపడలేదు. కాలు తడబడి ముందుకి తూలింది.

మేనేజరమ్మ ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు. "జాగ్రత్తండీ, ఇక్కడ మెట్టుంది" అంటూ అప్పటికే ఆవిడ మోచెయ్యి పట్టుకుని ఉంది. సోఫా దాకా నడిపించింది. మంచినీళ్ళు ఇచ్చింది. ఆవిడ ఆమె చెంప తడిమి, "చల్లగా ఉండు తల్లీ" అంది.

వెనక్కి తిరిగేసరికి వరసలో సగం మంది లేరు. ఒకడు చక్రాల కుర్చీ తోస్తున్నాడు. సర్టిఫికెట్ అన్న అమ్మాయి ఎవరివో మందుల సంచి మోస్తోంది. లాయరు రెండు చేతులా రెండు పెట్టెలతో "స్వాగతం సార్" అని నాలిక కరుచుకున్నాడు. బస్సు ఖాళీ అయ్యేలోపు సమ్మె కూడా ఖాళీ అయింది. పాలరాయి మీద ఎవరూ లేరు.

"చూశారా" అన్నాడు మేనేజరు సారుతో. "నేనే నేర్పాను."

మేనేజరమ్మకి ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. ఆ పెద్దావిడ నిజంగానే పడబోయింది. పట్టుకోవడం తప్పు కాదు. తమలో ఉన్న మంచినే పిడి చేసుకుని తమని ఎటు కావాలంటే అటు తిప్పుతున్నారు. ఆ పిడిని ఎలా విరవాలి? విరిస్తే తాము ఏమవుతారు?

జవాబు వెతుక్కునేలోపే సెక్యూరిటీ వాళ్ళు ఆమెని వెనక దారిన, లాండ్రీ బండ్లు ఆగే చోటికి తీసుకుపోయారు. అక్కడ పోలీసు జీపు ఉంది. అందరినీ లేవదీసింది ఈమేనని మేనేజరు చెప్పాడట. లాండ్రీ అక్క జీపు తలుపు పట్టుకుని వదల్లేదు.

"ఏం చేసిందయ్యా ఈ పిల్ల?"

"మాకు పైనుంచి చెప్పారమ్మా. చెయ్యి తియ్యి" అన్నాడు కానిస్టేబులు. అక్క చెయ్యి తీసింది. ఇంకేం చెయ్యగలదు. అతను మాత్రం సీటు మీదున్న లాఠీని కింద పెట్టి, మేనేజరమ్మకి చోటిచ్చాడు.

స్టేషన్‌కి నాన్న వచ్చాడు. ఆమె ఏదీ దాచలేదు. కుళాయి, గుండీ, బస్సు, ఇన్నాళ్ళూ కడిగిన బాత్‌రూములు, అన్నీ చెప్పేసింది.

"ఆ పిల్ల చెయ్యి ఇప్పుడెలా ఉందమ్మా?" అని అడిగాడు నాన్న.

అప్పటిదాకా రాని ఏడుపు ఆమెకి అప్పుడొచ్చింది.

పొద్దు వాలుతుండగా తోటివాళ్ళు వచ్చారు. ముందు ఇద్దరు, తర్వాత గుంపు. పెట్టెలు మోసినవాళ్ళే, తలలు వంచుకుని. వాళ్ళ మధ్య చేతికి కట్టుతో పిచ్చుక.

"మేమూ కూచున్నాం సార్. మమ్మల్నీ లోపలెయ్యండి" అన్నాడు లాయరు.

"ఇంతమందికి చోటేదయ్యా?" అన్నాడు ఎస్సై. ఆ మాటకి పిల్లలు నవ్వబోయి మానేశారు. అంతలో ఫోను మోగింది. మాట్లాడి పెట్టేశాడు.

"మీ మేనేజరు. కంప్లైంటు ఇవ్వడట, హోటలు పేరు పేపర్లో పడుతుందని. అందరూ పోవచ్చు. రాత్రి డిన్నరుకి డ్యూటీలో ఉంటే జరిగింది మర్చిపోతాడట."

"మరి పిచ్చుక సంగతి?" అంది మేనేజరమ్మ.

"అది వేరే విషయమన్నాడు."

"మేం పోకపోతే?"

"వేరే కాలేజీ పిల్లలతో బస్సు బయల్దేరిందట. మీ ఇష్టం."

తాము కూచుంటే తమ చోట ఇంకొకరు నిలబడతారు. వాళ్ళనీ ఆపితే మరో కాలేజీ ఉంటుంది.

"నా కోసం మీ ఏడాది పోగొట్టుకోకండే" అంది పిచ్చుక. "పార్సిల్ ఆఫీసు మాత్రం ఏం తక్కువ. అక్కడ కూచోనిస్తారట."

ఎవరూ బయటికి కదల్లేదు.

"ఏ కాలేజీ సార్?" అని అడిగింది మేనేజరమ్మ.

ఎస్సైకి తెలియదు. గుమ్మం దగ్గర ట్రైనింగ్ సారు ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు.

"ఏటి అవతలి కాలేజీ" అన్నాడు ఎవరి ముఖంలోకీ చూడకుండా. "వంతెన మీదుగానే రావాలి. ఇప్పుడు నడక మొదలుపెడితే అందుకుంటారు."

ఆ మాట హోటలు చెవిన పడితే ఆయన ఉద్యోగం ఏమవుతుందో అక్కడందరికీ తెలుసు. లాయరు చేతులెత్తి దణ్ణం పెట్టాడు. సారు పక్కకి జరిగి దారిచ్చాడు.

అందరూ వంతెన వైపు నడిచారు. ఆ పిల్లలు వింటారో లేదో. విన్నా దిగుతారో లేదో. వాళ్ళకీ ఇళ్ళున్నాయి, వాళ్ళకీ పరీక్షలున్నాయి. నాన్న కూడా గుంపులో నడుస్తున్నాడు. హోటలు వెనక గేటు దాటుతుంటే లాండ్రీ అక్క, ఇద్దరు వంటవాళ్ళు వచ్చి కలిశారు.

బస్సు కనపడగానే అందరూ రోడ్డుకి అడ్డంగా నిలబడ్డారు. డ్రైవరు తిడుతూ బ్రేకు వేశాడు. కిటికీల్లో తమ వయసు ముఖాలు, మడత నలగని కొత్త యూనిఫాంలు. ఏం జరుగుతోందో తెలియక, నేర్పిన ప్రకారం అందరూ నవ్వుతున్నారు.

పిచ్చుక మొదటి కిటికీ కిందికి వెళ్ళి నిలబడింది. ఒక్క మాట కూడా చెప్పకుండా, చేతికున్న కట్టు విప్పడం మొదలుపెట్టింది.