ముందు ఇంజను కంటికి

ఆ వీధిలో ఎవరి కళ్ళకు రంగు దిద్దాలన్నా పార్లరు పిన్నే దిద్దాలి. ఆమెకంటే వయసులో పెద్దవాళ్ళు కూడా పిన్ని అనే పిలిచేవారు. అలా పిలిచే హక్కు నిజంగా ఉన్న పిల్ల ఒకతి పొద్దస్తమానం పార్లర్లోనే ఉండేది మరి. అది అక్క కూతురు. అక్క పోయాక తెచ్చుకుని పెంచుకుంది. పిల్లకున్న రైళ్ళ పిచ్చి చూసి ఇంజను అని పేరు పెట్టింది. అసలు పేరు పిలిచేవాళ్ళే లేకుండా పోయారు.

తన చేతి మీద పిన్నికి బోలెడంత నమ్మకం. ఉండొచ్చు, తప్పులేదు. రెప్ప మీద గీత గీస్తే వెంట్రుకవాసి తేడా వచ్చేది కాదు. కానీ సీసాలో ఏముందో చేతికేం తెలుస్తుంది? ఏ వస్తువూ పారేయడానికి ఆవిడకు మనసొప్పేది కాదు. రెప్పవెంట్రుకలకు పూసే మస్కారా ఎండిపోయి కుంచెకు అంటడం మానేస్తే, కుళాయి కింద పట్టి నాలుగు చుక్కలు పోసి గిరగిరా తిప్పేది.

“ఇదిగో, ముసలిది మళ్ళీ పెళ్ళికూతురయింది,” అని నవ్వేది.

ఇంకో అలవాటుంది. దాన్ని ఆవిడ జాగ్రత్త అనుకునేది, అదే కదా ఏడుపు. కొత్తగా వచ్చినవాళ్ళు కళ్ళు మండుతాయేమోనని జంకితే, “ముందు మా ఇంజను కంటికి పెడతా, చూడండి,” అని పిల్లను కేకేసేది. ఇంజను వచ్చి కుర్చీలో కూర్చుని బుద్ధిగా రెప్పలు వాల్చేది. ఒక కన్ను రంగుతో, ఒక కన్ను ఉత్తగా. వచ్చినావిడ రెండూ పోల్చి చూసి మురిసిపోయేది. అదే కుంచె ఆవిడ కంటికి. మర్నాడు ఇంకొకావిడ కోసం మళ్ళీ ఇంజను కంటికి. అలా వీధిలోని కళ్ళన్నీ ఆ పిల్ల కంటితో చుట్టరికం కలుపుకున్నాయి.

ఆ ఏడు ఇంజను అన్నంత పనీ చేసింది. రైలు నడిపే ఉద్యోగానికి రాత పరీక్ష నెగ్గింది. ఇక మిగిలింది కంటి పరీక్ష ఒక్కటే.

“దానికేం, మా పిల్లవి కళ్ళా, టార్చిలైట్లా!” అని పిన్ని వచ్చినవాళ్ళందరి దగ్గరా చెప్పుకుని పొంగిపోయింది.

సరిగ్గా ఆ వారంలోనే జరిగింది. ఒకావిడకు చూపించడానికి ఇంజను కుడికంటికి మస్కారా పెడుతుంటే, పార్లరు కిందున్న టైలరు కొట్లో ఏదో దబ్బుమని పడింది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. కుంచె కొస నల్లగుడ్డుకు గీసుకుంది.

“అబ్బా!”

“ఏదీ, చూడనీ. ఏం కాలేదులే. వెళ్ళి కడుక్కో.”

మర్నాటికి కన్ను ఎర్రబడింది. నీళ్ళు ధారగా కారుతున్నాయి, పిల్ల వెలుతురు చూడలేకపోతోంది. పార్లరు నిండా జనం. అప్పుడు పిన్ని ఏం చేసిందయ్యా అంటే, ఎరుపు కనబడకుండా రెప్ప లోపలి అంచు మీద దట్టంగా కాటుక దిద్దింది. రాయడానికి నాకే చెయ్యి రావడం లేదు. నలుగురిలో పిల్ల ముఖం వికారంగా కనబడకూడదని చేసింది. ఆ నిమిషంలో ఆవిడకు అది ప్రేమగానే తోచింది.

“మండుతోంది పిన్నీ.”

“ఈ ఒక్క పూట ఓర్చుకో తల్లీ. సాయంత్రం తుడిచేద్దాం.”

సాయంత్రం పనిలో పడి ఆ మాటే మరిచిపోయింది. పిల్ల కాటుకతోనే నిద్రపోయింది. తెల్లారేసరికి రెప్పలు చీముతో అతుక్కుపోయి ఉన్నాయి. తడిగుడ్డతో విడదీస్తే నల్లగుడ్డు మీద మెతుకంత తెల్లమచ్చ. పిన్ని పిల్లను రెక్క పట్టుకుని కంటి ఆసుపత్రికి పరుగెత్తింది.

అక్కడి డాక్టరమ్మ అరిచే మనిషి కాదు. అరిచినా బాగుండేది. కంట్లో లైటు వేసి చూసి, పెట్టినవన్నీ పట్టుకురమ్మంది. పిన్ని సంచీ తెచ్చి బల్ల మీద గుమ్మరించింది.

“ఈ మస్కారా ఎప్పుడు తెరిచారు?”

“చాన్నాళ్ళయిందండీ.”

“మూడు నెలలు దాటితే పారేయాలమ్మా. ఇంత పల్చగా ఉందేంటి? నీళ్ళు కలిపారా?”

పిన్ని పక్కనున్న పిల్లవైపు చూసింది. “లేదండీ,” అంది.

డాక్టరమ్మ రెట్టించలేదు. “తడి తగిలితే క్రిములు లోపల కాపురం పెడతాయి. కంటికి గీత పడితే చాలు, అందులో దూరి తినేస్తాయి. ఒకరికి వాడింది ఇంకొకరికి పెట్టకూడదు. ఎర్రబడిన కంటికి అసలేదీ పెట్టకూడదు. నిన్ననే తీసుకురావాల్సింది.”

గంటగంటకూ చుక్కలు వేశారు. నొప్పికి పిల్ల మంచం పట్టె పట్టుకుని మెలికలు తిరిగిపోయింది. కొన్ని వారాలకు పుండు మానింది గానీ, దాని చోట పాలమీగడలాంటి మచ్చ మిగిలింది.

“కన్ను దక్కింది. చూపు మాత్రం మసకే,” అంది డాక్టరమ్మ. “ముందు ముందు నల్లగుడ్డు మార్చి చూద్దాం. ఎంతవరకు వస్తుందో ఇప్పుడే చెప్పలేను.”

“కంటి పరీక్షకు వెళ్ళొచ్చాండీ?” అని అడిగింది ఇంజను.

“రైలు నడపాలంటే రెండు కళ్ళూ బాగుండాలి కదమ్మా.”



బయట వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. పిన్ని అంది, “నీళ్ళు కలిపానే. ఆవిడతో అబద్ధం చెప్పాను. నీ కన్ను నేనే పోగొట్టాను.”

“కలపడం నాకు తెలుసు కదా పిన్నీ. రోజూ చూసేదాన్నేగా.”

“మరి ఒక్కసారైనా వద్దనలేదేమే? పరీక్ష ఉంది, నా కంటికి పెట్టొద్దని కసిరి ఉండొచ్చు కదే!”

పిల్ల నిజంగానే ఆలోచించి చెప్పింది. “పెడుతోంది నువ్వు కదా. నువ్వు పెడితే ఏమవుతుందిలే అనుకున్నా.”

నాలుగు తిట్లు తిట్టి ఉంటే పిన్ని బతికిపోయేది.

ఇంజను లేచి, ఆమె మోచెయ్యి పట్టుకుంది.

“పద, ఇంటికి పోదాం. నువ్వు ఇటు, కుడివైపు నడు పిన్నీ. ఈ పక్క నాకు సరిగ్గా కనబడట్లేదు.”