వణకని ముల్లు

సోల్డరింగ్ పొగ కళ్ళలోకి పోకుండా మూతి పక్కకి తిప్పి ఊదుకుంటూ, ఆయన బోర్డు మీది చిన్న కండెన్సర్‌ను పీకేశాడు. చిక్కుడు గింజంత ఉంటుంది. దాని చోట బొటనవేలంత లావున్నది పెట్టాలని మేనేజరు హుకుం.

బట్టల మిల్లులో మీటర్లు బాగుచేసే మెకానిక్ ఆయన. బట్టతల, విరిగిన కాడకు వైరు చుట్టిన కళ్ళజోడు, చొక్కా జేబు కింద ఎప్పుడో కాలిన మచ్చ. అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. ఎవరేం చెప్పినా ‘అలాగే సార్’ అంటాడు కనక అందరూ ‘అలాగే’ అనే పిలిచేవారు.

ఆ బోర్డు చేసే పని చిన్నదే. తడిబట్టను గిరగిరా తిప్పి నీరు పిండే పెద్ద ఇనుప తొట్టికి అడుగున పళ్ళచక్రం ఉంది. ఒక్కో పన్ను దాటినప్పుడల్లా సెన్సార్ ఒక పల్స్ పంపుతుంది. పల్స్‌కు ఇంత అని కరెంటు కొలిచి బోర్డు కండెన్సర్‌లో పోస్తుంది. పల్స్‌లు ఎంత జోరుగా వస్తే అంత వోల్టేజీ, గోడ మీది మీటరులో ముల్లు అంత పైకి. కండెన్సర్ చిన్నదైతే ముల్లు వణుకుతుంది గానీ నిజం వెంటనే చెబుతుంది. పెద్దదైతే వణకదు, ఆలస్యంగా చెబుతుంది.

“మధ్యాహ్నం యజమానిగారు వస్తున్నారు. చలిజ్వరం వచ్చినట్టు ఆ ముల్లేంటయ్యా? నిలకడగా ఉండాలి,” అన్నాడు మేనేజరు.

“ముల్లు లేటవుతుంది సార్. తొట్టి నడిపేవాడికి ఒక్క మాట చెప్పి...”

“వాడికి చెబితే పేచీ పెడతాడు. ఆయన వెళ్ళాక మళ్ళీ మార్చేద్దువుగాని. చెప్పకు.”

“అలాగే సార్.”

తొట్టి నడిపేవాడు మెకానిక్‌కు స్వయానా బావమరిది. మాటకు మాట వడ్డించే రకం. ఎక్కడా నిలవకపోతే, తన భార్య ఏడుపు చూడలేక ఈయనే వాళ్ళ కాళ్ళూ వీళ్ళ కాళ్ళూ పట్టుకుని ఇక్కడ పనిలో పెట్టించాడు. ఈయన బతుకంతా ‘అలాగే’ అన్న ఆ ఒక్కమాట మీదే నడిచింది. చదువు మానమని నాన్న అంటే అలాగే. ఎండ రాని గది తీసుకోమని అన్నయ్య అంటే అలాగే. “ఒక్కసారి కుదరదు అనండి, చూసి సంతోషిస్తాను,” అని భార్య దెప్పితే దానికీ అలాగే అన్నాడు.

భోజనాల వేళ బావమరిది పక్కనే కూర్చుని డబ్బా మూత తీశాడు.

“ఏం బావా, నా ముల్లుకి వణుకు తగ్గించావంట! మా అక్క ముందు నీ వణుకు కూడా కాస్త తగ్గించుకో.”

చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. చెప్పేద్దామని ఈయన నోరు తెరిచాడు. గుమ్మంలో మేనేజరు నిలబడి ఉన్నాడు. నోట్లోది మింగేశాడు.

“నిదానంగా తిప్పరా,” అన్నాడు అంతే.

“నువ్వు నేర్పాలా బావా నాకు?”

యజమాని వచ్చాడు. ఆ షెడ్డు మోతలో ఎవడి మాట వాడికే వినపడదు. బావమరిది ముల్లునే చూస్తూ, దాటితే ప్రమాదమని గీసిన ఎర్రగీత దాకా వేగం పెంచడం అలవాటు చేసుకున్నాడు. మీట తిప్పాడు. ముల్లు కదల్లేదు. పెద్దమనుషులు చూస్తున్నారని రోషం కొద్దీ ఇంకా తిప్పాడు. అప్పటికి ముల్లు పెళ్ళికూతురిలా మెల్లగా లేచింది. యజమాని బాగుందన్నట్టు తలాడించాడు.

ఈయన కాళ్ళ కింద నేల అదిరింది. తొట్టి గీత దాటిపోయిందని పాదాలకు తెలిసిపోయింది. ‘ఆపరా’ అన్న కేక గొంతు దాకా వచ్చింది. మేనేజరు ఇటు తిరిగి కళ్ళురిమాడు. అలవాటు కొద్దీ ఈయన తల ఊపాడు.

తొట్టి పగిలింది. ఇనుప ముక్క ఒకటి వచ్చి బావమరిది మెడకు తగిలింది. మాటకు మాట వడ్డించేవాడు, కూర్చోబోతున్నట్టుగా ఒరిగి, ఏమీ అనకుండానే పోయాడు. ఆ తల ఒళ్ళోకి తీసుకుని ఈయన తలెత్తి చూశాడు. తొట్టి ఆగిపోయినా ముల్లు ఇంకా తిరుగుతోందనే చెబుతోంది. ఈయన పసివాడిలా గుక్కపట్టి ఏడ్చాడు.

మేనేజరు యజమానిని పంపించి వచ్చి ఈయన చెవి దగ్గర వంగాడు.

“మీటరు బానే ఉంది. వాడే ఎక్కువ తిప్పాడు. ఎవరడిగినా అదే చెప్పు. మీ ఆవిడకి కూడా.”

ఈయన బావమరిది ముఖం చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

“అలాగే సార్.”

గోడ మీది మీటరులో ముల్లు సున్నా దగ్గర, ఏమాత్రం వణక్కుండా నిలబడి ఉంది.