ఉపన్యాసం మొదలైతే జనం వైపు

నేను ఒక వీడియో కెమెరాని. అయ్యో, అంత చిన్నచూపు చూడకండి! మీ జేబులో ఉన్న ఫోను నాకంటే చక్కగా తీస్తుందని నాకూ తెలుసు. కానీ నా రోజుల్లో నేను బయటికొస్తే ప్రొఫెసర్లు కూడా జుట్టు సవరించుకునేవారు.

సముద్రాల అవతల ఏదో ఫ్యాక్టరీలో తెల్ల గ్లవుజుల చేతులు నన్ను బిగించాయి. ఓడెక్కి వచ్చి విశాఖలో ఒక షోరూము అద్దాల వెనక కూర్చున్నాను. ఒక మార్చి నెలాఖరున విశ్వవిద్యాలయం వాళ్లు ఉరుకులు పరుగుల మీద వచ్చి నన్ను కొన్నారు. ఏప్రిల్ వచ్చిందంటే మంజూరైన నిధులు వెనక్కి పోతాయట. నాతో ఏం పని చేయించుకోవాలో అప్పటికి ఎవరూ ఆలోచించలేదు. మార్చిలో కొన్న వస్తువుల జాతకమే అంత.

నన్ను సూరిబాబుకు అప్పగించారు. విశ్వవిద్యాలయంలో సభలన్నీ తీసేది అతనే. అతనిదొక పద్ధతి. జ్యోతి ప్రజ్వలన, పూలగుత్తి, శాలువా, జ్ఞాపిక, అంతవరకే వేదిక. ఉపన్యాసం మొదలవగానే నన్ను జనం వైపు తిప్పి, స్టాండు మీద వదిలేసి టీకి వెళ్లిపోయేవాడు. ఉపన్యాసం మళ్లీ ఎవరు చూస్తారు? హాలు నిండిందా లేదా అన్నదే పెద్దలకు కావాలి. అలా ఏళ్ల తరబడి నేను ఆవలింతలు చూశాను. ఎందరు పండితులు ఎందరిని నిద్రపుచ్చారో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

అప్పుడు సుభద్రమ్మగారు వచ్చారు. జంతుశాస్త్రం ప్రొఫెసరు. బోధనా సహాయ కేంద్రం పెట్టమని పైనుంచి ఉత్తర్వు వస్తే, ఎవరూ ముందుకు రాని ఆ పనిని ఆవిడ నెత్తికెత్తుకున్నారు. సైకిల్ షెడ్డు పక్కన ఒక గది ఇచ్చారు. మొదటి శిక్షణకు అధ్యాపకులంతా వచ్చారు, సంతకాలు పెట్టారు, భోజనం చేశారు, ప్రమోషన్‌కు పనికొచ్చే సర్టిఫికెట్ పుచ్చుకుని పోయారు. పాఠం చెప్పే తీరు మాత్రం ఒక్కరిలోనూ మారలేదు.

"డాక్టరేట్లు ఇచ్చాం, సుద్దముక్కలు ఇచ్చాం. పాఠం ఎలా చెప్పాలో ఎవరం ఎవరికీ నేర్పలేదు," అని ఆవిడ వాపోయేవారు. ఇక ఉపన్యాసాలు కట్టిపెట్టి, ఎవరి క్లాసు వాళ్లే చూసుకునేలా చేయాలనుకున్నారు. నాకూ ఒక పని దొరికింది. మొదట దొరికినవాడు తవిటినాయుడు.

భౌతికశాస్త్రంలో కొత్తగా చేరిన అధ్యాపకుడు. వాళ్ల ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు అతనే. సార్ చెప్పేది ఒక్క ముక్క అర్థం కావడం లేదని మొదటి ఏడాది పిల్లలు మొరపెట్టుకున్నారు. శాఖాధిపతి సోమయాజులుగారు వచ్చే సోమవారానికి సమావేశం పెట్టారు. ఆ క్లాసు తీసేసి నాయుడిని పరీక్షల విభాగానికి పంపాలన్నది ఆయన ఆలోచన. నాయుడికి మాత్రం పాఠం చెప్పడమే ప్రాణం.

"క్లాసు తీసేస్తే నేనిక్కడ ఉండి ఏం లాభం మేడమ్? రాజీనామా ఇచ్చేస్తాను," అన్నాడు.

"ఇద్దువుగానిలే. ముందు నీ క్లాసు వీడియో తీయిస్తాను, నువ్వు చూడు. ఆ రికార్డింగు నీది. నువ్వు సరేనంటే తప్ప ఎవరికీ చూపించను," అన్నారావిడ.

శుక్రవారం సూరిబాబు నన్ను తీసుకెళ్లి స్టాండు మీద నిలబెట్టాడు. నాయుడు లోపలికి వచ్చాడు, పిల్లలు లేచారు, అదంతా తీశాడు. పాఠం మొదలైంది. ఇంకేముంది, అలవాటు చొప్పున నన్ను పిల్లల వైపు తిప్పేసి టీకి చెక్కేశాడు!

సాయంత్రం చూస్తే నాయుడి గొంతు తప్ప నాయుడు లేడు. సుభద్రమ్మగారు తల పట్టుకున్నారు.

"ఇదేంటయ్యా సూరిబాబూ?"

"నానేటి సేసేనండి? ఉపన్యాసం మొదలైతే జనాన్నే కదేటండి తీస్తాం!" అన్నాడు సూరిబాబు, తప్పంతా ఆవిడదే అయినట్టు.

ఆవిడ ఆపబోయారు. నాయుడు వద్దన్నాడు. బొమ్మలో పిల్లల ముఖాలు వాడిపోయి ఉన్నాయి. పాఠం టార్క్, అంటే తిప్పే బలం. అతని ఇంగ్లీషు రైలులా పోతోంది. ఒక అమ్మాయి సగం చెయ్యెత్తి దించేసింది. నాయుడు బోర్డు వైపు తిరిగి ఉన్నాడు కాబోలు, చూడలేదు. అంతలో అతని గొంతు మారింది: "తిరగలి పిడి అంచునెందుకెడతారు? నడిమినెట్టి తిప్పండి, సూద్దాం!" క్లాసంతా ఒక్కసారి నవ్వింది. ముఖాలు విచ్చుకున్నాయి. చెయ్యి దించేసిన అమ్మాయి గబగబా రాసుకుంటోంది. మరుక్షణం నాయుడు సర్దుకుని మళ్లీ ఇంగ్లీషు అందుకున్నాడు. ముఖాలు మళ్లీ మూసుకుపోయాయి.

నాయుడు కళ్లు తుడుచుకున్నాడు. "మొదటి రోజు నా మాట విని నవ్వారు మేడమ్. యాసకే నవ్వారనుకున్నాను. అప్పట్నుంచీ వాళ్ల ముఖం చూడాలంటే భయం."

"ఇప్పుడు చూశావుగా. ఎగతాళి నవ్వేనా ఇది?"

అతను ఆ ముక్కే మళ్లీ మళ్లీ వేయించుకున్నాడు. నాకు ఒళ్లు పులకరించింది. అన్ని దీపాలు, అన్ని శాలువాలు తీశాను కదా, ఒక మనిషికి పనికొచ్చేది తీయడం అదే మొదలు.

సోమవారం అతనే నన్ను చంకన పెట్టుకుని సమావేశానికి వెళ్లాడు. సుభద్రమ్మగారు వద్దని వారించినా వినలేదు. "ఇందులో నేను ఎక్కడ పాడు చేశానో ఉంది సార్. ఎలా బాగుచేసుకోవాలో కూడా ఉంది. ఈ సెమిస్టరు నాకు వదలండి," అన్నాడు. సోమయాజులుగారు చివరిదాకా చూశారు. కళ్లజోడు తీసి తుడుచుకుని, క్లాసు నాయుడి దగ్గరే ఉండనివ్వమన్నారు.

ఆ సెమిస్టరంతా నాయుడు పిల్లల వైపు తిరిగి, సూత్రం ఇంగ్లీషులో, సంగతి తన మాటలో చెప్పాడు. చెయ్యెత్తిన ఆ అమ్మాయి ఇక దించలేదు. అడిగి అడిగి అతన్ని చంపుకుతినేది. ఆ మాట నాయుడు ఎంత మురిసిపోతూ చెప్పుకునేవాడో!

ఒక మధ్యాహ్నం కేంద్రం తలుపు తోసుకుని సోమయాజులుగారు వచ్చారు. గొంతు తగ్గించి, "సూరిబాబూ, రేపు నా క్లాసు కూడా తియ్యి. అలాగే, పిల్లల వైపు తిప్పి," అన్నారు. ముప్ఫై ఏళ్లుగా పాఠం చెబుతున్న మనిషి!

మర్నాడు ఆయన ఒక్కరే నా ముందు కూర్చుని చూసుకున్నారు. ఆయన పిల్లలు నిద్రపోవడం లేదు, అల్లరి చేయడం లేదు. భయభక్తులతో తలలు వంచి రాసుకుంటున్నారు. ఒక్కరూ తలెత్తడం లేదు. చాలాసేపటికి ఆయన లేచి వెళ్లి నాయుడిని పిలుచుకొచ్చారు. పక్క కుర్చీ తానే లాగి వేశారు.

"కూర్చో నాయుడూ. ఒక్కణ్ణే చూడలేకపోతున్నాను."