డ్రమ్ముల మీద పేరు

తొమ్మిది కాకముందే ఆయన మూడో ఫోనులో ఉన్నాడు. ఒక చెవిలో రంగుల మిల్లు యజమాని అరుస్తుంటే, ఒంటి చేత్తో చొక్కా గుండీలు పెట్టుకుంటూ, కాలు గాలిన పిల్లిలా గదంతా తిరుగుతున్నాడు.

"తొట్లలో గుడ్డ నానుతోందయ్యా! మూడింటిలోపు యాసిడ్ పడకపోతే రంగు పట్టదు. సరుకంతా చెత్తబుట్టకే."

"నిశ్చింతగా ఉండండి సార్. బండి బయల్దేరింది."

బండికి ఇంకా సరుకే ఎక్కలేదు. వెంటనే యాసిడ్ ఫ్యాక్టరీ మేనేజరుకు ఫోను చేశాడు. అంత తొందరైతే ఆ కొనేవాణ్ణి వచ్చి నెత్తిన పెట్టుకుపొమ్మన్నాడు మేనేజరు. "పార్టీకి మీ సరుకంటే ప్రాణం సార్, అందుకే ఆగలేకపోతున్నారు" అన్నాడాయన. ఆయన దళారి. ఇరవై రెండేళ్లుగా ఇటు తిట్లను ఉతికి ఆరేసి అటు చేరవేయడమే ఆయన పని.

గుమ్మంలో భార్య అడ్డంగా నిలబడింది. "నిన్న మెట్ల మీద ఛాతీ పట్టుకుని కూలబడ్డారు. ఇవాళైనా డాక్టరు దగ్గరికి వెళ్తారా?"

"రేపు తప్పకుండా."

"మీ రేపుకు ఆరు నెలలు నిండాయి" అని ఆవిడ పక్కకు తప్పుకుంది.

కొనేవాడికి అమ్మేవాడెవరో, అమ్మేవాడికి కొనేవాడెవరో తెలియనివ్వకపోతేనే ఆయన ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. ఇద్దరూ ఒకరినొకరు ఎరిగితే మధ్యలో ఈయనెందుకు? అందుకే ఫ్యాక్టరీ డ్రమ్ములు ముందు ఊరి చివర ఆయన అద్దె షెడ్డుకు వస్తాయి. అక్కడ ఫ్యాక్టరీ పేరున్న లేబుళ్లను తడిపి, బ్లేడుతో గీకి, యాసిడ్ పేరూ జాగ్రత్తలూ అచ్చువేసిన తన లేబుళ్లు అంటించాకే సరుకు మిల్లుకు పోతుంది. ఈ గుట్టు బయటపడుతుందేమోనన్న బెంగతో ఆయన ఏనాడూ కుదురుగా కూర్చుని భోంచేసి ఎరగడు.

లారీ షెడ్డుకు చేరేసరికి ఒంటిగంటన్నర. ఇరవై నాలుగు డ్రమ్ములు. రోజూ లేబుళ్లు గీకే కూలీలిద్దరూ చూసి చూసి ఇంకో పనికి పోయారు. ఆయనే బకెట్టు పట్టుకుని లారీ ఎక్కాడు. పాడు జిగురు, ఒక పట్టాన వదలదు. ఆరో డ్రమ్ము దగ్గర ఎడమ చెయ్యి బరువెక్కింది, ఒళ్లంతా చెమట పట్టింది. గడియారం రెండుంబావు చూపిస్తోంది. మిల్లుకు అరగంట దారి.

ఆయనకు భయం వేసింది. పంపితే తన నోట్లో తానే మట్టి కొట్టుకున్నట్టు. పంపకపోతే తన మాట నమ్ముకున్న మనిషి మునుగుతాడు. ఎవడెలా పోతే నాకేం అనుకోబోయాడు గానీ, అలా అనుకోవడం చేతకాలేదు. మెల్లగా కిందికి దిగాడు.

"ఇలాగే పోనీ" అన్నాడు డ్రైవరుతో.

"పేర్లు కనబడుతున్నాయి సార్!"

"కనబడనీలే. నువ్వు పో."

ఆ తరువాత ముప్పావుగంట షెడ్డులో ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతూనే ఉన్నాడు. మూడింటికి ఫోను మోగింది.

"అందిందయ్యా. గుడ్డ దక్కింది" అన్నాడు మిల్లు యజమాని.

"సార్... ఆ డ్రమ్ముల మీద..."

"చూశాను. గీకడానికి టైము చాల్లేదా?" అవతల నవ్వు. "పదేళ్ల నుంచీ తెలుసులేవయ్యా. ఆ ఫ్యాక్టరీ మేనేజరూ నేనూ ఒకసారి నేరుగా మాట్లాడుకున్నాం కూడా. పది నిమిషాల్లో కొట్టుకునేదాకా వచ్చింది. ఆయన నోరు నాకు పడదు, నా నోరు ఆయనకు పడదు. నువ్వే నయమనుకున్నాం. చెబితే చిన్నబుచ్చుకుంటావని ఊరుకున్నాం."

ఆయనకు ముందు సిగ్గేసింది, తరువాత ఒళ్లు మండింది. పదేళ్లు! ఎన్ని వేల లేబుళ్లు, ఎన్ని బ్లేడ్లు! చివరికి నవ్వు తన్నుకొచ్చింది. ఖాళీ షెడ్డులో ఒక్కడే, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు. తరువాత ఇంటికి ఫోను చేశాడు.

"సాయంత్రం డాక్టరు దగ్గరికి వెళ్దాం. తయారుగా ఉండు."

"మీరేనా మాట్లాడేది?"

"నేనే. కాసేపు నడుం వాల్చి వస్తాను."

"పట్టపగలు, మీరా?" అంది ఆవిడ, సంతోషంగానే.

నాలుగున్నరకు డ్రైవరు రసీదు తీసుకుని తిరిగొచ్చాడు. ఆయన మడతపెట్టిన గోనెసంచుల మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకుని డ్రైవరు మొదట గొంతు తగ్గించే పిలిచాడు. రెండోసారి భుజం తట్టి, చల్లబడ్డ చేతిని పట్టుకుని చూసి అక్కడే చతికిలబడ్డాడు. కబురందుకుని వచ్చిన భార్య డాక్టరు దగ్గరికని కట్టుకున్న చీరలోనే ఉంది.

గుమ్మం పక్కన ఆయన బూట్లు ఉన్నాయి, తాళ్లు పూర్తిగా విప్పి, మేజోళ్లు మడిచి లోపల పెట్టి. ఎడమదాని మడమ బాగా అరిగి ఉంది.